గ్రహశకలముపై వ్రాలిన డేగ

తరగతిలో పాఠము చెప్పుచుండగా చేతిలోని సుద్దముక్క జారి క్రింద పడుట ఉపాధ్యాయులందరికీ అనుభవమే. మీటరు ఎత్తునుండి అది నేలను తాకడానికి అర సెకను కూడ పట్టదు. జారినదని మనము గ్రహించి చేయి చాచే లోపలనే అది పడి విరిగి ఉంటుంది. ఇదే సుద్దముక్క ఇతోకావా అనే గ్రహశకలము మీద జారినదనుకొనండి. అది నేలను చేరడానికి రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఈ లోపల ఉపాధ్యాయుడు నల్లబల్ల తుడిచి, వెనుక బెంచీ పిల్లవానిని మందలించి, తిరిగి వచ్చి దానిని గాలిలోనే అందుకొనవచ్చును. గాలి అనుట మాటవరుసకే. అక్కడ గాలి లేదు.

వినడానికి ఇది వేడుకగా ఉన్నది. కాని అటువంటి చోట ఒక యంత్రనౌకను దించవలసిన వారికి ఇది వేడుక కాదు. ఆకర్షణ తక్కువైనచోట దిగుట సులభమని మనకు తోచుట సహజము. చంద్రునిపై దిగే నౌకకు భయమంతా వేగముగా పడిపోవుటను గురించి. గ్రహశకలము మీద దిగే నౌకకు భయము వేరు: తాకిన తరువాత అక్కడ నిలువలేకపోవుట. 2005లో జపాను శాస్త్రజ్ఞులు ఈ సంగతిని చాల ఖరీదుగా నేర్చుకొన్నారు. వారు పంపిన నౌక పేరు హయబుసా. జపాను భాషలో ఆ మాటకు బైరిడేగ అని అర్థము.

కుజ గురు గ్రహాల కక్ష్యల నడుమ సూర్యుని చుట్టు లక్షలాది శిలాశకలాలు తిరుగుచున్నవి. వాటిలో కొన్ని దారి తప్పి భూమి కక్ష్యకు దగ్గరగా వచ్చిపోతుంటాయి. 1998 సెప్టెంబరులో అమెరికాలో ఒక దూరదర్శినీ సర్వేలో బయటపడిన ఇతోకావా అటువంటిది. జపాను రాకెట్ విద్యకు ఆద్యుడైన హిదెయో ఇతోకావా పేరు దానికి పెట్టారు. దాని పొడవు 535 మీటర్లు. అడ్డము 294, మందము 209 మీటర్లు. ఆకారము కొంచెము వంగిన వేరుసెనగకాయ వలె ఉంటుంది. మన ఊళ్ళ ప్రక్కనున్న గుట్టలు కొన్ని దీనికంటె పెద్దవి.

ఇంత చిన్న రాతిగుట్ట కొరకు కోట్లాది మైళ్ళు పోవుట ఎందుకు? దీని వెనుక ఒక పాత చిక్కుముడి ఉన్నది. భూమి మీద పడే ఉల్కాశిలలలో నూటికి ఎనభై వంతులు సాధారణ కాండ్రైట్లు అనే ఒక జాతికి చెందినవి. ఆకాశములో మనకు దగ్గరి భాగములోనున్న గ్రహశకలాలలో ఎక్కువ భాగము ఎస్ అనే తరగతికి చెందినవి. ఎక్కువగా పడే రాళ్ళు ఎక్కువగా ఉన్న శకలాలనుండియే రావలెనని ఎవరైనను అనుకొంటారు. కాని వర్ణపటదర్శినితో చూచినపుడు రెండింటి రంగులు సరిపోవు. శకలాల రంగు కొంచెము ఎరుపు, కాంతి మందము. కొడుకుకు తండ్రి పోలిక లేదన్నమాట! రోదసిలో పడియుండుటవల్ల రాతి పైపొర మారిపోవునని కొందరు, అసలు అవి వేరు వేరు రాళ్ళని కొందరు వాదించారు. ఈ వాదము తేలడానికి ఒక్కటే దారి: ఎస్ తరగతి శకలము మీదికి పోయి చిటికెడు మన్ను తెచ్చి చూచుట.

హయబుసా 2003 మే 9వ తేదీన జపానులోని ఉచినోఉరా కేంద్రమునుండి బయలుదేరినది. ఇంధనముతో సహా దాని ద్రవ్యరాశి 510 కిలోగ్రాములు. ప్రయాణానికి దానికి నాలుగు అయాను ఇంజనులున్నవి. జెనాన్ వాయువును అయానులుగా మార్చి విద్యుత్తుతో వెనుకకు విసరుట వీటి పని. మూడు ఇంజనులు కలిసి నెట్టినా ఆ తోపుడు రెండున్నర గ్రాముల బరువుకు మించదు. అయినా నెలల తరబడి ఆపకుండా నెట్టుతూ పోతే రోదసిలో అంతే చాలును. 2005 సెప్టెంబరు 12న ఆ నౌక ఇతోకావాకు 20 కిలోమీటర్ల దూరములో ఆగినది.

ఆగినది అన్నాను గాని తిరుగజొచ్చినది అనలేదు. చంద్రుని చేరిన నౌక చంద్రుని చుట్టు తిరుగుతుంది. హయబుసా ఇతోకావా చుట్టు తిరుగలేదు. కారణము లెక్క వేస్తే తెలుస్తుంది. ఇతోకావా ద్రవ్యరాశి మూడున్నర కోట్ల టన్నులు. న్యూటన్ సూత్రము ప్రకారము 20 కిలోమీటర్ల దూరములో అది నౌకను లాగే బలము ఎంతో కట్టండి. తరువాత నౌక సౌరఫలకాలమీద, సుమారు 12 చదరపు మీటర్ల మీద, ఎండ కలిగించే ఒత్తిడి ఎంతో కట్టండి. ఎండ తోపుడే ఇరవై రెట్లు ఎక్కువగా వస్తుంది! వెలుతురు తగిలి కొట్టుకొనిపోయేచోట కక్ష్య నిలుచునా? కాబట్టి నౌక చిన్న చిన్న రాకెట్లను అప్పుడప్పుడు మండించుకొనుచు, గాలిలో రెక్కలాడించుచు నిలిచే డేగ వలెనే, శకలానికి ఎదురుగా నిలిచియుండి దానిని పరీక్షించినది. ఇతోకావా తన చుట్టు తాను 12 గంటలకు ఒకసారి తిరుగుతుంది. ఎదుట నిలిచియుంటే అన్ని ప్రక్కలూ కనబడినవి.

కనబడినది చూచి శాస్త్రజ్ఞులు కలతపడ్డారు. ఎక్కడ చూచినా బండలే. దిగడానికి తగిన నున్నని చోటు నడిమి భాగములో ఒక చిన్న మైదానము మాత్రమే. దానికి మ్యూజెస్ సముద్రమని పేరు పెట్టారు. సాంద్రత లెక్కకట్టగా నీటికి 1.9 రెట్లు మాత్రమే వచ్చినది. సాధారణ కాండ్రైట్ల సాంద్రత మూడుకు పైన. అనగా ఆ గుట్ట లోపల నూటికి నలభై పాళ్ళు ఖాళీ. ఇతోకావా ఒక్క రాయి కాదు. స్వల్పమైన ఆకర్షణతో ఒకదానినొకటి పట్టుకొనియున్న రాళ్ళ కుప్ప.

ఇక ఆకర్షణ సంగతి. అక్కడ అది భూమి ఆకర్షణలో సుమారు లక్షవ వంతు. అరవై కిలోగ్రాముల మనిషి అక్కడ అర గ్రాము పైచిలుకు తూగుతాడు. జ్వరానికి వేసుకొనే మాత్ర అంత. పడే కాలము ఆకర్షణ వర్గమూలమునకు విలోమముగా మారుతుందని విద్యార్థులకు తెలుసును. లక్షకు వర్గమూలము 316. భూమి మీద 0.45 సెకను పట్టే చోట అక్కడ 140 సెకనులు పట్టుట అందువల్లనే. దీనికంటె ముఖ్యమైనది పలాయన వేగము. భూమిని విడిచి పోవలెనంటే సెకనుకు 11 కిలోమీటర్ల వేగము కావలెను. ఇతోకావాను విడిచి పోవడానికి సెకనుకు 17 సెంటీమీటర్లు చాలును. పసివాడు పాకే వేగమన్నమాట! అక్కడ ఎవరైనా సరదాగా ఒక గెంతు గెంతితే మరి తిరిగి రారు.

నౌక సెకనుకు 10 సెంటీమీటర్ల వేగముతో నేలను తాకినదనుకొందాము. ఆ వేగములో మూడింట రెండు వంతులతో అది బంతి వలె పైకి లేచిందంటే మళ్ళీ క్రిందికి రావడానికి సుమారు అరగంట పడుతుంది. ఆ అరగంటలో క్రింద శకలము తిరిగిపోతూ ఉంటుంది. నౌక తలక్రిందులు కావచ్చును. ఇటువంటి కష్టము 2014 నవంబరులో ఐరోపా వారి ఫిలే అనే యంత్రానికి ఒక తోకచుక్క మీద నిజముగానే సంభవించినది. నేలలో గుచ్చుకొనవలసిన మేకులు పనిచేయక అది ఎగిరి ఎగిరి దూరమున ఒక బండ నీడలో పడినది. హయబుసా నిర్మాతలు మొదటినుండియే దిగి నిలుచుట అనే ఆలోచనను వదలుకొన్నారు. ఒక్క క్షణము తాకి, మన్ను తీసుకొని, వెంటనే లేచిపోవుట వారి పద్ధతి. నౌక క్రింద మీటరు పొడవున బాకా వంటి గొట్టమున్నది. దాని అంచు నేలను తాకగానే 5 గ్రాముల టాంటలము గుండు సెకనుకు 300 మీటర్ల వేగముతో పేలవలెను. లేచిన ధూళి గొట్టము వెంట పైకి వచ్చి పెట్టెలో పడవలెను. ఆకర్షణ లేనట్లే కాబట్టి లేచిన ధూళి మళ్ళీ క్రిందపడే తొందరలో ఉండదు.

ఈ పని అంతయు నౌక తనంతట తానే చేసికొనవలెను. ఆ రోజులలో అది భూమికి 29 కోట్ల కిలోమీటర్ల దూరములో ఉన్నది. రేడియో తరంగాలు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయినా, వార్త రావడానికి 16 నిమిషాలు, మన జవాబు చేరడానికి మరి 16 నిమిషాలు. నౌక 50 మీటర్ల ఎత్తున ఉన్నాననే వార్త పంపుతుంది. సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున అది ఎనిమిది నిమిషాలలో నేలను తాకుతుంది. ఆ వార్త మనకు అందేసరికి తాకుట కూడ అయిపోయి మరి ఎనిమిది నిమిషాలు గడచి ఉంటుంది.

కనుక నౌకకు కన్ను కావలెను. ఎత్తును లేసరు కిరణాలతో కొలుచుకొంటుంది. కాని క్రింద నేల తిరుగుతూ ఉండగా తాను ప్రక్కకు జారుచున్నదీ లేనిదీ దానికెట్లు తెలియును? దీనికొరకు ముందుగా నేలమీదికి ఒక మెరిసే బంతిని జారవిడుస్తారు. నౌక దీపమును మినుకు మినుకుమనిపిస్తూ దీపము వెలిగినపుడొకటి, ఆరినపుడొకటి చిత్రాలు తీసి ఒకదానిలోనుండి రెండవదానిని తీసివేస్తుంది. మిగిలే ఒక్క చుక్కయే ఆ బంతి. దానిని చూపులో పెట్టుకొని దిగితే ప్రక్కచూపు వేగము పోతుంది. 8 లక్షల 80 వేల మంది పేర్లు దానిపై చెక్కి పంపారు.

అయితే బంతి తానే ఎగిరిపోతే? ఇక్కడ జపాను వారికి వారి ఆడపిల్లల ఆట గుర్తుకు వచ్చినది. గింజలు నింపిన చిన్న గుడ్డసంచులను ఎగురవేసి పట్టుకొనుట ఆ ఆట. దీనిని మీరు తరగతిలో చేసి చూడవచ్చును, నేను చేయించాను. ఒక రబ్బరు బంతిని, చింతగింజలు మూడు వంతులు నింపి కుట్టిన సంచిని ఒకే ఎత్తునుండి వదలండి. బంతి ఎగురుతుంది. సంచి దబ్బుమని పడి అక్కడే ఉంటుంది. గింజలు ఒకదానినొకటి ఒరసికొనుటలో గతిశక్తి అంతయు వేడిగా మారిపోతుంది. సంచిని బిగువుగా నింపి చూస్తే కొంచెము ఎగురుతుంది. ఎందుకో పిల్లలను అడగండి. హయబుసా బంతిలోపల ఇట్లే చిన్న చిన్న గుళ్ళు నింపారు. కోట్ల ఖరీదుగల నౌకలో నాకు అన్నిటికంటె నచ్చినది ఈ సంచియే.

దిగక ముందే కష్టాలు మొదలైనవి. నౌక ఎటు తిరగవలెనన్నా లోపల గిరగిర తిరిగే చక్రాల వేగమును మార్చుతుంది. చక్రము ఒకవైపు వేగము పుంజుకొంటే నౌక రెండవవైపు తిరుగుతుంది. మూడు దిక్కులకు మూడు చక్రాలు. జూలై 31న ఒకటి, అక్టోబరు 2న మరొకటి చెడిపోయినవి. మిగిలిన ఒక్క చక్రముతోను, చిన్న రాకెట్లతోను పని జరుపవలసి వచ్చినది. నవంబరు 4న చేసిన మొదటి అభ్యాసము మధ్యలో ఆగిపోయినది. 12వ తేదీన మినర్వా అనే గంతులు వేసే చిన్న యంత్రమును శకలముపై వదలవలసి ఉన్నది. దాని ద్రవ్యరాశి 591 గ్రాములు. వదలుమనే ఆజ్ఞ భూమినుండి బయలుదేరినది. ఆ ఆజ్ఞ దారిలో ఉండగానే నౌక, తాను మరీ దిగువకు వచ్చితినని తనంతట తానే పైకి లేవసాగినది. సుమారు 200 మీటర్ల ఎత్తున, సెకనుకు 15 సెంటీమీటర్ల వేగముతో పైకి పోవుచుండగా ఆజ్ఞ అందినది. నౌక విధేయతతో మినర్వాను వదలినది. ఆ ఎత్తున పలాయన వేగము 11 సెంటీమీటర్లు మాత్రమే. మినర్వా ఇక ఇతోకావాను చేరలేదు. పదహారు నిమిషాల ఆలస్యమునకు, నాలుగు సెంటీమీటర్ల వేగానికి ఒక యంత్రము బలి అయినది.

నవంబరు 20 తెల్లవారుజామున హయబుసా మొదటిసారి దిగినది. బంతి చక్కగా పడినది. కాని చివరి ఘట్టములో ఏదో అడ్డమున్నదని గ్రాహకము హెచ్చరించినది. పైకి లేవడానికి నౌక వాలు అనుకూలముగా లేదు. అది అట్లే దిగుతూ పోయినది. భూమి మీద వారికి ఈ సంగతి తెలియదు. నౌక కొద్ది మీటర్ల ఎత్తున తేలుతున్నదని భ్రమపడి, కాలము గడచిపోవుట చూచి పైకి రమ్మని ఆజ్ఞ పంపారు. కొన్ని రోజుల తరువాత లెక్కలు చూచుకొంటే తేలిన నిజమేమనగా నౌక ఎగిరి ఎగిరి చివరకు అరగంటసేపు శకలముపై కూర్చొనియే ఉన్నది! చంద్రుడు తప్ప వేరొక ఆకాశ గోళముపై దిగి మళ్ళీ లేచిన మొదటి నౌక అదే. అంతకు ముందు 2001 ఫిబ్రవరి 12న అమెరికా వారి నియర్ షూమేకర్ నౌక ఈరాస్ అనే పెద్ద శకలముపై దిగినది గాని అది అక్కడే ఉండిపోయినది.

26వ తేదీన రెండవసారి అంతా సక్రమముగా జరిగినది. నియంత్రణ గదిలో సంతోషించారు. ఆ సంతోషము ఎక్కువ కాలము నిలువలేదు. గుండ్లు పేలి ఉండకపోవచ్చునని పది రోజులలో తెలిసినది. అంతలో రాకెట్ల ఇంధనమైన హైడ్రజీన్ కారి, ఆవిరియై బయటికి చిమ్ముతూ నౌకను తిప్పివేసినది. డిసెంబరు 9న మాట పడిపోయినది.

తరువాత ఆరు వారాలకు పైగా ప్రతి దినము పిలుస్తూనే ఉన్నారు. ఇది గుడ్డి ఆశ కాదు. అడ్డదిడ్డముగా తిరిగే వస్తువు క్రమముగా జడత్వ భ్రామకము అత్యధికముగానున్న అక్షము చుట్టు తిరుగుటకు సర్దుకొంటుంది. ఆ అక్షము దిశలోనే సౌరఫలకాలు, ఏంటెనా ఉండేటట్లు నౌకను నిర్మించారు. అట్లు సర్దుకొన్న తరువాత ఎప్పుడో ఒకప్పుడు ఎండ ఫలకాలపై పడక తప్పదు. 2006 జనవరి 23న బలహీనమైన సంకేతము వినబడినది. మాట్లాడే శక్తి దానికి లేదు. అడిగిన ప్రశ్నకు అవును, కాదు అని మాత్రము సూచించగలదు. ఒక్కొక్క జవాబుకు అరగంట కనిపెట్టుకొని, పొడుపుకథ విప్పినట్లు దాని స్థితి తెలిసికొన్నారు. రాకెట్లు పోయినవి కాబట్టి జెనాన్ వాయువును ఊరకే ఊది నౌకను నిలబెట్టారు. ఇతోకావా దగ్గర శత్రువైన ఎండ తోపుడునే ఇప్పుడు నౌకను సరియైన దిశలో నిలుపడానికి వాడుకొన్నారు.

2007లో తిరిగి రావలసినది 2010కి వాయిదా పడినది. 2009 నవంబరులో ఇంజనులు మొండికెత్తినవి. అయాను ఇంజనులో రెండు భాగాలున్నవి: ధనావేశపు అయానులను విసరేది ఒకటి, నౌకలో ఋణావేశము పేరుకొనకుండ ఎలక్ట్రానులను విడిచేది రెండవది. ఒక ఇంజనులో మొదటి భాగము, వేరొకదానిలో రెండవ భాగము బాగున్నవి. రెండింటిని కలిపి ఒక ఇంజనుగా నడిపించారు. ఇది అప్పుడు తోచిన ఉపాయము కాదు. ఎప్పటికైనా పనికి వచ్చునని నిర్మించేటప్పుడే ఒక డయోడును మధ్య అతికించి ఉంచారు.

2010 జూన్ 13 రాత్రి హయబుసా ఆస్ట్రేలియా ఎడారిలోని వూమెరా పైన భూమిని చేరినది. 40 సెంటీమీటర్ల వ్యాసముగల పెట్టెను ముందుగా వదలినది. తాను ప్రక్కకు తప్పుకొనడానికి రాకెట్లు లేవు. చివరగా భూమి చిత్రము ఒకటి తీసి పంపి, సెకనుకు 12 కిలోమీటర్ల వేగముతో వాతావరణములో దూరి మండిపోయినది. పెట్టె పారాచూటుతో దిగినది.

పెట్టెలో మన్ను కంటికి కనబడలేదు. కాని లోపలి గోడలను గీకి సూక్ష్మదర్శినిలో చూడగా 1,500 రేణువులు ఇతోకావావేనని ఆ నవంబరులో ప్రకటించారు. ఎక్కువ భాగము మిల్లీమీటరులో నూరవ వంతుకంటె చిన్నవి. గుండ్లు పేలకపోయినా నౌక తాకిడికి లేచిన ధూళియే గొట్టములోనికి తేలివచ్చినది. (2019లో ర్యుగూ అనే శకలముపై రెండవ హయబుసా గుండ్లు సరిగా పేల్చి 5.4 గ్రాములు తెచ్చినది. 2020 అక్టోబరు 20న బెన్నూ మీద అమెరికా నౌక చేయి మోపితే అది ఇసుకలోవలె సుమారు అర మీటరు దిగిపోయినది, అక్కడినుండి 121.6 గ్రాములు 2023లో భూమికి చేరినవి.)

ఆ కొద్దిపాటి దుమ్ము పాత తగవును తీర్చినది. రేణువులలోని ఖనిజాలు సాధారణ కాండ్రైట్లలోనివే. వాటి పైపొరలో మాత్రము సౌరవాయువు తాకిడివల్ల పుట్టిన అతి సూక్ష్మమైన ఇనుప కణాలున్నవి. శకలమును ఎర్రబరచినవి అవే. తండ్రి కొడుకులు ఒకటే. తండ్రి మొగము ఎండకు కమిలినది, అంతే. ఖనిజాలను బట్టి చూస్తే ఆ రాయి ఒకప్పుడు 800 డిగ్రీల సెంటీగ్రేడు దాక వేడెక్కినది. అంత వేడి నిలువవలెనంటే తొలుత అది 20 కిలోమీటర్లకు మించిన గోళములో భాగమై ఉండవలెను. ఆ గోళము ఏదో గుద్దుకొని పగిలి, ముక్కలలో కొన్ని మళ్ళీ కూడుకొని ఇతోకావా ఏర్పడినది. రేణువులలో చిక్కుకొన్న వాయువులను కొలిచినవారు మరొక సంగతి కూడ చెప్పారు. ఆ రేణువులు పైపొరలో 80 లక్షల ఏండ్లకు మించి లేవు. పైనున్న ధూళి స్వల్పమైన ఆకర్షణనుండి తప్పించుకొని పోతూనే ఉన్నది. పది లక్షల ఏండ్లకు కొన్ని పదుల సెంటీమీటర్ల చొప్పున గుట్ట అరిగిపోతున్నది. ఈ లెక్కన నూరు కోట్ల ఏండ్లు నిండకముందే ఇతోకావా ఉండదు.